పై గదిలో టెంపరేచర్

మా ఆయన గల్ఫ్ నుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేవాడు, అక్కడ అన్నానికి వదిలే వేళకు. మొదట్లో మా మాటలు ఇలా ఉండేవి. "తిన్నవా?" "తిన్న." "అమ్మ తిన్నదా?" "తిన్నది." "ఇంకేంది?" "ఏం లేదు." తర్వాత ఇద్దరం చెవికి ఫోన్ ఆనించుకుని ఊరికే ఉండేవాళ్ళం. పిల్లలున్న ఇళ్ళలో ఆ ఖాళీలోకి పిల్లలు జొరబడతారు, నాన్నా నాకు సైకిలు తే అంటారు. మాకు పిల్లలు కలగలేదు. చివరికి ఆయనే "సరే, పెడుత" అనేవాడు. పెట్టేశాక నాకు ఏడుపు వచ్చేది కాదు, చిరాకు వచ్చేది. సముద్రం దాటి వచ్చే మాట అన్నం తిన్నావా అన్నదేనా అని.

నేను సిరిసిల్లలో పుట్టాను. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. మా నాన్న సాంచెలు నడిపేవాడు. గోడ అవతల అవి టకటకా ఆడుతుంటేనే మాకు నిద్ర. కరెంటు పోయి అవి ఆగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవాళ్ళం. పెళ్ళై కోరుట్లకు వచ్చాక ఆ చప్పుడు లేదు. చప్పుడు లేక నిద్ర పట్టడం లేదని కొత్త కోడలు ఎవరికి చెప్పుకుంటుంది? పెళ్ళైన రెండు నెలలకే ఆయన విమానం ఎక్కాడు. ఆయనకూ చెప్పలేదు.

పొద్దు గడవక జగిత్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి పోయేదాన్ని. అక్కడ పాత సర్వరు ఒకటి ఉండేది. యంత్రం ఒకటే గాని, దాని కడుపులో పది కంప్యూటర్లు ఉన్నట్టు పనిచేస్తుంది. పదిమంది పిల్లలు పది తెరల ముందు కూర్చుంటే ఎవరిది వాళ్ళకు విడిగా కనిపించేది. కరోనా దెబ్బకు సెంటర్ మూతపడింది. కుర్చీలు, ఫ్యాన్లు తలా ఒకటి పట్టుకుపోయారు. సర్వరును ఎవరూ ముట్టలేదు. దాన్ని దుప్పటిలో చుట్టి ఆటోలో వేసుకుని కోరుట్ల తెచ్చుకున్నాను. అత్తమ్మ దాన్ని చూసి, "గిదేంది పిల్లా, శవపెట్టె లెక్కున్నది" అంది. మా అత్తమ్మ మెచ్చుకునే పద్ధతి అంతే. దాన్ని పై గదిలో పెట్టించాం.

మా ఆయన అక్కడ ఏసీ మెకానిక్. సర్వర్ల గదులను చల్లగా ఉంచడమే ఆయన పని. ఆ గదుల్లో పనిచేసే కుర్రాళ్ళు క్రిప్టో గురించి చెప్పుకుంటుంటే విన్నాడు. కంప్యూటర్లో బిగించే గ్రాఫిక్స్ కార్డులు ఆగకుండా లెక్కలు చేస్తుంటే కంటికి కనిపించని నాణెం ఒకటి పోగవుతుందట, దాన్ని తవ్వడమంటారట, అమ్మితే డబ్బులట. ఆ తర్వాతి లీవుకు వచ్చినప్పుడు తాడు బిగించిన అట్టపెట్టెలో పాలపొడి డబ్బాలు, అత్తరు, అందరికీ సబ్బులు, మధ్యలో మందపాటి రగ్గు తెచ్చాడు. రగ్గు విప్పితే నాలుగు కార్డులు. చుట్టాలు రగ్గును చూసి వెళ్ళారు. నేను కార్డులను చూశాను.

వాటికి కావలసిన కరెంటు వైర్లు ఆర్డర్ పెడితే ఆయన లీవు అయిపోయినా రాలేదు. వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. ఇక బిగించడం నా వంతు. ఫోన్‌ను కిటికీకి ఆనించి పెట్టి, ఆయన చూస్తుండగా స్క్రూలు తిప్పాను. మా వైపు గల్ఫ్ ఇళ్ళన్నీ అంతే. ఇంటికి స్లాబ్ పోసినా, బర్రె ఈనినా, మనిషి పోయినా ఫోన్ పట్టుకుని చూపించాలి. నేను కార్డులు చూపించాను. స్విచ్ వేయగానే సర్వరు ఫ్యాన్లు బొబ్బలు పెట్టాయి. దానికి తెలియని కార్డు లోపలికి వస్తే అది అలాగే భయపడుతుంది. అత్తమ్మ కింద నుంచి, "ఇమానమొచ్చిందా?" అని అరిచింది.

కార్డును సర్వరు కడుపులోని ఒక కంప్యూటర్‌కు పూర్తిగా అప్పగించాలి. అప్పగించాక అది సర్వరులోనే ఉంటుంది, దాని కరెంటే తింటుంది, కాని సర్వరుకు కనిపించదు. నేను తొందరలో తెరకు బొమ్మనిచ్చే చిప్పును కూడా కలిపి అప్పగించేశాను. తెర నల్లబడింది.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"ఏం గాలే. అంత ఉన్నది. మనకే కనబడుత లేదు."

ఆయన "నా లెక్కనే" అన్నాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. పెళ్ళైన తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడేనేమో, నాకు ఇంకొకటి గుర్తు లేదు.

మర్నాడు దాన్ని సరిచేశాను. అప్పటి నుంచి మా ఫోన్లు మారిపోయాయి. "టెంపరేచర్ ఎంతుంది?" అనే మాటతో మొదలయ్యేది. రెండో కార్డు ఎందుకు కాగుతోంది, కిటికీ తెరిచావా, ఎండ ఏ వైపు పడుతోంది, ఫ్యాను చప్పుడు వినిపించు అనేవాడు. నేను ఫోన్ దగ్గర పెడితే విని, "మూడోదాని బేరింగు పోతున్నది" అని చెప్పేవాడు. అన్నం చల్లారిపోతోందని పక్కవాళ్ళు పిలుస్తుంటే కూడా వినేవాడు. నాకు ఆ ప్రశ్నలు కావాలి. మధ్యాహ్నం కాకముందే మెట్లెక్కి, చెప్పడానికి ఏమైనా దొరుకుతుందా అని వెతికేదాన్ని. అంతా బాగుంటే దిగులేసేది. ఇంకో సంగతి, ఆ ఫ్యాన్ల హోరు సాంచెల చప్పుడు కాకపోయినా దానికి చుట్టం వంటిదే. పై గది కిందే నా మంచం వేసుకున్నాను. కోరుట్ల వచ్చిన ఇన్నేళ్ళకు కంటినిండా నిద్రపోయాను. అది కూడా ఆయనకు చెప్పలేదు. ఆయన టెంపరేచర్ అడిగాడు, నేను టెంపరేచర్ చెప్పాను.

అత్తమ్మ బీడీలు చేస్తుంది. వానాకాలంలో బీడీలు మెత్తబడితే కార్ఖానాలో పక్కకు తీసేస్తారు. ఒకరోజు పైకి వెళ్ళి చూస్తే, సర్వరు వెనక వేడిగాలి తగిలేచోట బీడీల చాట పెట్టి ఉంది. ఆమె తన చాటతో ఆగలేదు. వారం తిరిగేసరికి వాడకట్టులోని చాటలన్నీ మా మెట్లెక్కాయి. "మీ మిషన్ మంచిగ కాగుతున్నదమ్మా" అని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. తంబాకు పొడి ఫ్యాన్లలోకి పోయి కార్డులు దగ్గడం మొదలుపెట్టాయి. మా ఆయనకు ఫోన్లో చూపిస్తే తల పట్టుకున్నాడు. "లోకంల గీ పని ఎవ్వడు చెయ్యడు" అన్నాడు. ఆ ఒక్క సంగతే మాకు పదిరోజులకు సరిపోయింది.

తర్వాత వినాయక నిమజ్జనం అయిన వారంలోనే, మేము తవ్వే నాణెం తన పద్ధతి మార్చుకుంది. ఇకమీదట కార్డులతో పని లేదంది. దాన్ని నడిపేవాళ్ళు ముందే చెప్పారు గాని, వానను ఆపగలమా? ఆ మధ్యాహ్నం ఫోన్ మోగితే ఎత్తడానికి భయమేసింది. నాణెం పోయిందని కాదు. రేపటి నుంచి మళ్ళీ తిన్నవా, తిన్న అనుకోవాలని.

"బంద్ చెయ్యాల్నా?" అన్నాను.

"ఉండనీయి. చిన్న చిన్న నాణేలు వేరేయి ఉన్నయట. టెంపరేచర్ ఎంతుంది?"

చిన్న చిన్నవాటితో కరెంటు ఖర్చు కూడా రాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

మరుసటి వానాకాలం ఆయన లీవుకు వచ్చాడు. చెప్పులు విడవగానే పై గదికి వెళ్ళి చూసి వచ్చాడు. తర్వాత మాకు మాట దొరకలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని టెంపరేచర్ ఎంతని ఎలా అడుగుతాడు, మెట్లెక్కితే తనకే కనిపిస్తుంది గదా. నేను వడ్డిస్తుంటే తిన్నాడు, చేయి కడిగాడు, నన్ను చూసి "తిన్నవా?" అన్నాడు. నేను "తిన్న" అన్నాను. ఇంకా తినలేదు. ఇన్నేళ్ళు ఆయన లేకపోవడమే ఒంటరితనం అనుకున్నాను. ఆయన ఇంట్లో ఉండగా పట్టుకున్నది అంతకంటే పెద్దది, దాన్ని ఎవరి మీద వేయాలో తెలియలేదు.

నాలుగు రోజులయ్యాక ఆయనే సర్వరు ఆపేశాడు. కార్డులు ఊడదీసి, పళ్ళు తోమే బ్రష్షుతో తంబాకు పొడి దులిపాడు. "జగిత్యాలల అడిగేటోళ్ళున్నరు, ఇచ్చేద్దాం" అన్నాడు. నేను తలూపాను. అత్తమ్మ మాత్రం, "నా బీడీలు యాడ ఆరాలెరా?" అని రోజంతా గొణిగింది. పై గది మూగబోయింది. ఇంట్లో గోడ గడియారం ఉందని నాకు ఆ రోజే గుర్తొచ్చింది.

రెండు రోజుల తర్వాత ముసురు పట్టింది. ఆయన అన్నం తిని పైకి వెళ్ళాడు. నేను వంటింట్లో పాలు కాస్తున్నాను. గల్ఫ్ నుంచి చేసే వేళకే నా ఫోన్ మోగింది. చూస్తే ఆయన నంబరే.

"ఏమైంది?" అన్నాను.

"ఏం గాలే. టెంపరేచర్ ఎంతుంది?"

కిందికి రమ్మందామనుకున్నాను. కిందికి వస్తే మళ్ళీ ఇద్దరం గోడ చూస్తాం. "పాలు పొయ్యి మీదున్నయి. పొంగెటట్టున్నది," అన్నాను.

"ఫ్యాను సప్పుడెట్లుంది?"

"ఫ్యాను లేదు. నువ్వే బంద్ చేస్తివి. నాకు రెండు దినాల సంది నిద్ర లేదు."

"నిద్రెందుకు లేదు?"

పొయ్యి ఆర్పేసి గడప మీద కూర్చున్నాను. సాంచెల గురించి చెప్పాను, కరెంటు పోతే మేమంతా లేచి కూర్చునే సంగతి చెప్పాను, పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో చప్పుడు లేక కళ్ళు తెరుచుకుని పడుకున్న సంగతి చెప్పాను. మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆయన అవతల ఊ కొడుతున్నాడు. ఆ ఊ ఫోన్లోంచీ వస్తోంది, మెట్ల మీదుగానూ వస్తోంది.

"గిదంత నాకెన్నడు చెప్పకపోతివి" అన్నాడు.

"నువ్వు అడుగలే."

"గిప్పుడు అడుగుతున్న. పెట్టకు, చెప్పు."

అత్తమ్మ చాట పట్టుకుని వంటింటి వైపు వచ్చింది. నా కళ్ళు చూసి నిలబడిపోయింది. "ఎవరితోని పిల్లా?"

"నీ కొడుకుతోనే."

"వాడు ఇంట్లనే ఉన్నడు గదనే."

"అవునత్తమ్మా, ఇంట్లనే ఉన్నడు" అని, ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.