దసరా నాడు ఆగిన జపాన్ వాచీ

మా ఆయన సర్జన్‌గా రిటైరైనప్పుడు తనకోసం కొనుక్కున్న ఒకే ఒక్క విలాసం ఆ జపాన్ వాచీ. బ్యాటరీ లేదు, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. "ఇదేం చాదస్తమండీ, ఫోన్‌లో టైం కనబడదా?" అని ఆటపట్టించాను. ఆయన భూతద్దం అందించారు. అద్దంలాంటి ఆ వాచీ లోహంలో నా ముఖం ఎక్కడా వంకర పోలేదు. తిరిగే సాన పళ్ళేనికి వాచీ అంచుల్ని చేత్తో ఆనించి అంత నునుపు తెస్తారట. కాస్త ఎక్కువ నొక్కితే అంచు అరిగిపోతుందట.

"చూశావా, ఇది చెయ్యి చేసిన పని," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి సన్నగా వణుకుతూనే ఉంది. రిటైరవడానికి కారణం ఆ వణుకే. ఇద్దరం డాక్టర్లమే కాబట్టి పార్కిన్సన్స్ గురించి ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకునే వీల్లేదు. గడ్డం గీయడం, చొక్కా బొత్తాలు పెట్టడం ఒక్కొక్కటిగా నా వంతుకు వచ్చాయి. వాచీకి కీ ఇవ్వడం మాత్రం ఆయన వదల్లేదు.

కెనడాలోని హాలిఫాక్స్‌లో మా ఇంటి దసరా ఆయుధపూజకు ఎప్పుడూ స్టెతస్కోపులు, కత్తెరలు, కారు తాళాలు పెట్టేవాళ్ళం. ఆ ఏడు ఆయన వాచీ తెచ్చి పీట మీద పెట్టారు. పూజనాడు పనిముట్టుకు సెలవు కదా అని కీ బయటికి లాగి ముల్లు ఆపారు. నేను వాచీకి గంధం పూసి, భక్తి కొంచెం ఎక్కువై, ఆ కీకి కూడా తడి తడిగా కుంకుమ బొట్టు పెట్టాను. మర్నాడు కీ తిప్పితే గరగరమంది. కీ లాగిన సందులోంచి తడి లోపలికి పోయి, అద్దం లోపల ఆవిరి పట్టింది.

"పైన పెట్టమంటే ఇంజన్‌లో పెట్టావేంటి!" అని ఆయన. "కీ లాగింది మీరేగా!" అని నేను.

ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున వాచీలు బాగుచేసే షాపుకు వెళ్ళాం. అక్కడి పెద్దావిడ వెనక మూత విప్పి, ఈ ఎర్రపొడి ఏమిటని అడిగింది. పూజ చేశామని చెబితే నవ్వకుండా తలూపి, మమ్మల్ని కూడా లోపలికి చూడనిచ్చింది. వెంట్రుక కంటే సన్నని స్ప్రింగు, ఎవరికీ కనబడని చోట కూడా నున్నగా దిద్దిన అంచులు. మా ఆయన వచ్చిన పనే మర్చిపోయారు.

"స్క్రూల మీద ఒక్క గీత లేదు చూడు. లోపల చెయ్యి పెట్టారు, పెట్టినట్టే లేదు! నేను ఒక్క ఆపరేషనైనా ఇంత నీట్‌గా చేశానా?" అన్నారు. అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా రోజులైంది.

దీన్ని తయారుచేసిన వాళ్ళకే పంపాలని, నెలలు పట్టొచ్చని ఆవిడ చెప్పింది. తిరుగు ఫెర్రీలో ఆయన నీళ్ళకేసి చూస్తూ, "వాచీ బాగై వస్తుందిలే. అప్పటికి కీ ఇచ్చే వేళ్ళు ఉండాలిగా," అన్నారు. డాక్టర్‌గా నాకు జవాబు తెలుసు.

మంచు కరిగాక వాచీ వచ్చింది, కొత్తదానిలా. ఆయన స్నానం చేసి, కిటికీ దగ్గర కూర్చుని కీ పట్టుకున్నారు. వేళ్ళు జారాయి. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారాయి. చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళబోయాను.

"ఇలా రా," అని పిలిచి వాచీ నా చేతిలో పెట్టారు. "నువ్వు తిప్పు, నేను చెప్తా."

ఆపరేషన్ థియేటర్‌లో జూనియర్లతో మాట్లాడే గొంతు అది. "నెమ్మదిగా. గట్టిగా పట్టుకోకు. లోపల పళ్ళు ఒక్కొక్కటే పడుతుంటే వేళ్ళకి తెలుస్తుంది." నిజంగానే తెలిసింది. అంత మెత్తని కదలిక నా వేళ్ళు అంతవరకు ఎరగవు. "ఆఁ, చాలు. ఆపు."

ముల్లు నడవడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు, చెయ్యి వణుకుతుంది," అన్నారాయన. "రేపు కూడా నువ్వే ఇవ్వాలి."