బూటు పాలిష్ వాసన వేసిన రాతిగొడ్డలి

దేవమణి ఒడిశాలోని రాయగడలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చరిత్ర చెబుతుంది. వాళ్లమ్మ విజయనగరం వైపు నుంచి మిషను ఆసుపత్రికి నర్సుగా వచ్చింది. దేవమణి పుట్టింది, పెరిగింది అంతా ఇక్కడే. ఏటేటా ఆరో తరగతికి రాతియుగం పాఠం వచ్చినప్పుడల్లా ఆమెకు ఒకటే దిగులు. బోర్డు మీద తాను గొడ్డలి గీస్తే పిల్లలు చేప అనుకునేవారు.

అందుకే ఈసారి ఫోన్లో వెతికి ఒక రాతిగొడ్డలి తెప్పించింది. నాలుగు వేల ఏళ్ల నాటిదని రాశారు, సర్టిఫికెట్ కూడా పంపారు. అరచేతిలో ఇమిడే ఎర్రమట్టి రంగు రాయి. క్లాసులో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తుంటే, ఎప్పుడూ గోల చేసే పిల్లలు గుడిలో ఉన్నట్టు కూర్చున్నారు. ఆ రోజు ఆమెకు నేల మీద కాళ్లు ఆనలేదు.

సాయంత్రం ఆమె భర్త విమల్ కుమార్ కాగితం మిల్లు ఆఫీసు నుంచి వచ్చి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదేటి దేవమణీ, బూటు పాలిష్ వాసనొస్తంది?"

"మీకన్నీ అలాగే ఉంటాయి. ఇలా ఇవ్వండి" అని లాక్కుంది కానీ, ఆమెకూ అదే వాసన వచ్చింది. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి తోమింది. నీళ్లు టీ డికాషన్‌లా మారాయి. రంగు పోయాక లోపల బూడిదరంగు రాయి బయటపడింది. ఒక ముఖం మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వాటంగా, యంత్రం పెట్టి గీకినట్టు ఉన్నాయి. మోసపోయాననుకుంది. కానీ అంచు వైపు తిప్పితే గీత ఒక్కటీ లేదు. అక్కడక్కడ చిన్న పెచ్చులు లేచిన చోట కూడా అరిగి నున్నబడి ఉంది. ఒకవైపు చూస్తే నిన్న చేసింది. ఇంకోవైపు చూస్తే తాతల తాతలనాటిది.

అమ్మినవాడికి ఫోన్ చేసింది. నది ఒడ్డున తవ్వితే దొరికిందన్నాడు. మర్నాడు మళ్లీ చేస్తే, ఎవరో పెద్దాయన ఇంట్లో దాచుకున్నదన్నాడు. సర్టిఫికెట్ తీసి చూస్తే సంతకం ఉంది గానీ, సంతకం పెట్టినవాడు ఎవరో, ఎక్కడివాడో లేదు. అమ్మినవాడి పేజీలోనే అచ్చం ఇలాంటిదే ఇంకొకటి అమ్మకానికి ఉంది. పెచ్చు లేచిన చోటు కూడా అదే. అది ఇదే రాయి పాత ఫొటోనా, వేరే రాయా?

అంతలో ఇంకో భయం పట్టుకుంది. నిజంగా పురాతన వస్తువైతే, లైసెన్సు లేనివాడు అమ్మడమే నేరమని ఎక్కడో చదివింది.

"నకిలీదని ఏడుస్తన్నావా, అసలుదేమోనని బయపడతన్నావా?" అన్నాడు విమల్.

"అదే తెలీడం లేదండీ" అంది.

శనివారం కొరాపుట్ బస్సెక్కింది. అక్కడి కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పే శ్రావణ్‌కుమార్ ఆమెకు చిన్నమ్మ కొడుకు. అతను భూతద్దం పెట్టి, కిటికీ వెలుగులో రాయిని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఈ వైపు గ్రైండరు తగిలిందక్కా. అంచు మాత్రం నేను సెప్పలేను. పాతదాన్నే ఎవడో అందంగా ఉంటాదని గీకేసి రంగేసుండొచ్చు. మొత్తం కొత్తదే కూడా అవ్వొచ్చు."

"నువ్వు కూడా ఇలాగంటే ఎలారా? అసలుదా, నకిలీదా, ఒక్క మాట సెప్పు."

"ఎక్కడ దొరికిందో తెలిస్తే సెప్పొచ్చు. ఏ మట్టిలో, ఏ వస్తువుల్తో పాటు దొరికిందో తెలీకపోతే, అసలుదైనా ఇది మనకేటీ సెప్పదక్కా. ఫొటోలో వాసన రాదు, బరువు తెలీదు. కొనేముందు ఎక్కడిదని అడగాలి. వాడు తడబడితే కొనకూడదు."

"ఆ ముక్క నేను కొనకముందు సెప్పాల్సింది."

"నువ్వు అడిగేవేటి?" అని నవ్వాడు.

వెనక్కి పంపేస్తే డబ్బు ఇచ్చేస్తామని అమ్మినవాడు అప్పటికే మెసేజ్ పెట్టాడు. పంపితే మళ్లీ రంగేసి ఇంకో టీచరుకి అమ్ముతాడు. ఆమెకు మనసొప్పలేదు. రాయిని పురావస్తు శాఖవాళ్లకు చూపించమని తమ్ముడి దగ్గరే వదిలేసింది. అమ్మినవాడి మీద ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టింది. ఆ పేజీ మాయమైంది కానీ, శాఖవాళ్ల నుంచి ఇంతవరకు కబురు లేదు.

ఆ తర్వాత ఒక సోమవారం క్లాసులో జరిగిందంతా దాచకుండా చెప్పింది. నీళ్ల రంగు, గీతలు, అరిగిన అంచు, అమ్మినవాడి రెండు రకాల మాటలు. పిల్లలు పాఠం కన్నా శ్రద్ధగా విన్నారు. అసలుదనేవాళ్లు చేతులెత్తమంటే సగంమంది ఎత్తారు. నకిలీ అంటే మిగతా సగం.

"మరి మీరెటు మేడమ్?" అని ముందు బెంచీలోంచి బుల్లి అనే పిల్ల అడిగింది.

దేవమణి చెయ్యి సగం దాకా ఎత్తి, దించేసింది.