పట్టికలో రాజమణిబెన్ వరుస

ఇస్త్రీ యంత్రపు వేడి రోలర్ల మధ్య నుంచి తడి దుప్పటి జారి బయటికి వచ్చేటప్పుడు ఒక వాసన వేస్తుంది. ఉడికిన నూలు, సబ్బు, ఆవిరి కలిసిన వాసన. పొద్దున అది ముక్కుకు తగలగానే నాకు రాజమణిబెన్ గుర్తొచ్చింది. గుర్తు రావడంతోనే గుండెలో చిన్న మంట. ఆవిడ మా ఆసుపత్రి వదిలి వెళ్లి రెండేళ్లయింది, మంట మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆవిడను ఎరగని వాళ్లకు ఆవిడ గురించి చెప్పాలంటే ముందు ఈ మంట సంగతే ఒప్పుకోవాలి.

నేను సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజర్‌ని. మా నాన్న సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చి బమ్రోలిలో స్థిరపడ్డాడు. నన్ను మగ్గం దగ్గరికి రానివ్వకుండా బీకాం దాకా చదివించాడు. రాజమణి కూడా మా వైపు మనిషే, నాకన్నా పదేళ్లు పెద్ద. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పెళ్లయి సూరత్ వచ్చి, పర్వత్ పాటియాలో ఒక గదిలో కూర్చుని చీరలకు రాళ్లు అతికేది. భర్తకు ఒంట్లో బాగులేక మగ్గం మానేశాక, మా దగ్గర మురికి గుడ్డలు వేరు చేసే పనికి వచ్చింది. పనిలో పెట్టుకున్నది నేనే. ఆ మాట చాలాకాలం అందరితో చెప్పుకు తిరిగాను. ఇక్కడి గుజరాతీ అలవాటు ప్రకారం, అక్కచెల్లెళ్లను పిలిచే 'బెన్' చేర్చి, అందరూ ఆవిడను రాజమణిబెన్ అనేవారు. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్మీ అనేది.

మా యాజమాన్యానికి గుజరాత్‌లో ఆరు ఆసుపత్రులున్నాయి. ఒక ఏడాది పెద్ద ఆఫీసు నుంచి నెలనెలా బెంచ్‌మార్క్ షీట్ అని ఒక పోలిక పట్టిక రావడం మొదలైంది. ఆరు లాండ్రీలు ఆరు వరుసలు. ఒక్కో రోగికి రోజుకు ఎన్ని కిలోల గుడ్డలు ఉతుకుతున్నారు, మరకలు పోక మళ్లీ ఉతికినవి నూటికి ఎన్ని, చిరిగి పారేసినవి ఎన్ని, అన్నీ పక్కపక్కన ఉండేవి. మొదటి షీట్‌లో మా వరుస అట్టడుగున ఉంది. నాకు ఒళ్లు మండింది. బీకాం చదివినవాణ్ణి కదా, మార్గం వెంటనే తట్టింది. మళ్లీ ఉతికిన గుడ్డలను రాయడం మానేశాను. రెండు నెలల్లో ఆ గడిలో మాకన్నా మంచి సంఖ్య ఇంకెవరికీ లేదు.

రాజమణి ఆ షీట్ నకలొకటి అడిగి తీసుకుని, గుడ్డలు వేరు చేసే బల్ల పైన గోడకు అంటించుకుంది. "గిదేంది అక్కా, నీకేం సమజైతది?" అని నవ్వాను. ఆవిడ నొచ్చుకోలేదు. "అంకెలు సమజైతయి తమ్మీ. మనకంటె మంచిగ చేసేటోళ్లు ఎవలో ఎరుకైతది గద," అంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే అది జరిగింది. ఆపరేషన్ థియేటర్‌లో రోగి మీద కప్పే గుడ్డలు గోధుమరంగు మరకలతో వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఉతికి పంపుతున్నాం, మళ్లీ వస్తున్నాయి. ఒకరోజు పొద్దున థియేటర్ సిస్టర్ మొత్తం కట్టలన్నీ తిప్పి పంపేసింది. తుంటి విరిగిన ఒక ముసలాయన ఆపరేషన్ సాయంత్రానికి వాయిదా పడింది. రాజమణి పైకి వెళ్లి వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది.

"ఆయన మన దిక్కు మనిషే తమ్మీ. పొద్దటి సంది మంచినీళ్లు గిట్ల ముట్టలే. ఎప్పుడు తోల్కపోతరని బిడ్డ అడుగుతాంది. ఏం జెప్పాలె?"

"డాక్టర్లు చెప్తరు, మనకెందుకు?" అన్నాను.

"ఆగింది మన గుడ్డల కోసమే గద," అంది. సాయంత్రం ఆపరేషన్ అయింది, ముసలాయన కోలుకున్నాడు. కానీ ఆ రోజంతా మెట్ల దగ్గర ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు వినిపించినప్పుడల్లా నేను తల వంచుకునే ఉన్నాను.

ఆ వారమే సమీక్ష జరిగింది. మేనేజర్ మేడమ్ షీట్ తెర మీద వేసి, మళ్లీ ఉతికే గుడ్డలు మా దగ్గరే అతి తక్కువని అందరి ముందు నన్ను మెచ్చుకుంది. చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో రాజమణి లేచింది. చేతులు కొంగులో చుట్టుకుని, తడబడే హిందీలో, "మేడమ్, యే నంబర్ సహీ నహీ హై. హమ్ లోగ్ లిఖ్‌తే నహీ," అంది. ఆ సంఖ్య సరైంది కాదని తేల్చేసింది. 'మేం రాయడం లేదు' అంది, 'సుధాకర్ రాయడం లేదు' అనలేదు. అయినా ప్రతి తలా నా వైపే తిరిగింది. నా పేరు చెప్పకపోవడమే నాకు ఇంకా అవమానంగా తోచింది. ఆ దయ ఆవిడ నా మీద చూపించడమేమిటి?

మేడమ్ నన్ను మందలించి వదిలేసింది. మరుసటి నెల నిజం రాశాం. ఆరింటిలోకీ అధ్వాన్నంగా తేలాం. రాజమణి ఆ షీట్ పట్టుకుని, మొదటి స్థానంలో ఉన్న వడోదర లాండ్రీకి నా ముందే ఫోన్ చేసింది. సిగ్గు పడకుండా, "మీరేం చేస్తుండ్రో జర చెప్పుండ్రి" అన్నట్టుగా తన హిందీలో గంటసేపు అడిగింది. నెత్తుటి గుడ్డలను వాళ్లు ముందు చన్నీళ్లలో జాడిస్తారట. మేం నేరుగా వేడినీళ్లలో వేసి, మరకను మేమే నూలులో ఉడికిస్తున్నాం. తర్వాత ఆవిడ వార్డు వార్డూ తిరిగింది. గుడ్డలు అందవేమోనన్న భయంతో నర్సులు అల్మారాల్లో దాచుకుంటున్నారని, దుమ్ము పట్టాక వాడనివి కూడా మురికి సంచుల్లోకి వస్తున్నాయని కనిపెట్టింది. రోజూ ఒకే వేళకు, చాలినన్ని పంపి, వాళ్ల భయం పోగొట్టింది. పలచబడిన దుప్పటిని వెలుతురుకు పట్టి, చిరగకముందే తీసి, కత్తిరించి దిండు గలీబులు కుట్టించింది. గుడ్డను చూసే ఆ కన్ను ఆవిడకు చీరలకు రాళ్లు అతికిన పని నుంచి వచ్చింది. ఆ కన్ను నాకు లేదు. మగ్గం దగ్గరికి రానివ్వనందుకు నాన్న మీద మొదటిసారి కోపం వచ్చింది.

ఏడాదిలో మా వరుస రెండో స్థానానికి ఎక్కింది. ఆవిడను లినెన్ ఇన్‌చార్జి చేశారు, అంటే నా పైన. ఇంటికొచ్చి అన్నం ముందు నుంచి లేచిపోయాను. "ఆమెకు పేరొస్తె నీకేం పోయింది?" అంది మా ఆవిడ. ఒక నెల యంత్రం చెడి మా సంఖ్యలు పడిపోయినప్పుడు నాకు లోపల పండగలా అనిపించింది. ఆ సంగతి ఇప్పుడే మొదటిసారి రాస్తున్నాను. ఆ రోజు కూడా రాజమణి వచ్చి, "తమ్మీ, కంప్యూటర్ల నాకు రాంది నువ్వే చూడాలె. నువ్వు లేకుంటె నేను గుడ్డిదాన్నే," అంది. ఆ మాట అబద్ధమై ఉంటే తేలిగ్గా ద్వేషించేవాణ్ణి. ఆవిడ మనస్ఫూర్తిగానే అంది.

రెండేళ్ల కిందట ఆవిడను రాజ్‌కోట్ ఆసుపత్రికి పెద్ద పదవి ఇచ్చి పంపారు. ఆవిడ కుర్చీ నాకిచ్చారు. షీట్ రాగానే ఇప్పటికీ నా వరుస కన్నా ముందు రాజ్‌కోట్ వరుస చూస్తాను. ఎప్పుడూ మా పైనే ఉంటుంది. కిందటి నెల మాత్రం మేం పైకి వచ్చాం. తలుపు వేసుకుని మరీ రెండుసార్లు చూసుకున్నాను. మధ్యాహ్నమే ఫోన్ మోగింది.

"మస్తు చేసినవ్ తమ్మీ! ఏం చేసినవ్? జర చెప్పు, రాసుకుంట."

గొంతులో ఎక్కడా ముల్లు లేదు. వెతికాను, లేదు. మూడు సంగతులు చెప్పాను. నాలుగోది, అసలైనది, ఉతికే యంత్రంలో గుడ్డలు కుక్కకుండా కొంచెం ఖాళీ ఉంచడం, అది చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక సాయంత్రం దాకా పని మీద మనసు నిలవలేదు. చివరికి నేనే ఫోన్ చేశాను.

"అక్కా, ఒకటి చెప్పలే."

"ఆగు, పెన్ను తీస్త," అంది.

ఎందుకు దాచావని అడగలేదు. నేను చెప్తుంటే, అటువైపు కాగితం మీద పెన్ను కదలడం వినిపించింది. ఈర్ష్య నాలో తగ్గలేదు, తగ్గుతుందన్న ఆశా లేదు. కానీ అది లోపల ఉండగానే ఫోన్ తీసి చెప్పాల్సింది చెప్పేయడం, అంతవరకు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. వచ్చే షీట్‌లో రాజ్‌కోట్ మళ్లీ మా పైకి వెళ్తుంది. నాకు తెలుసు, తెలిసే చెప్పాను.