పసుపు పూసిన బొక్కల రాయి

మా మిరప చేలో పల్లపు మూలన ఒక రాయి బయటపడింది. నల్లగా, ఒళ్ళంతా బొక్కలతో, గిన్నెలు తోమే స్పాంజి ముక్కలా ఉంది. నేను చూసేసరికే దానికి పసుపూ కుంకుమా, పక్కన కాలిపోయిన అగరొత్తి పుల్లా. మా వైపు వింత రాయి కనిపిస్తే ముందు పసుపు రాస్తారు, అదేమిటో తరవాత ఆలోచిస్తారు. పసుపు పడ్డాక ఇక దాన్నెవరూ కదపరు.

"ఆకాశం నుంచి పడిందంట వదినా. ముట్టుకోమాకు," అన్నాడు మా మరిది.

ఆకాశం నుంచి పడే రాయి మా పల్లపు మూలే వెతుక్కుని పడిందా? నాకు అనుమానం పుడితే అన్నం సయించదు. సరిగ్గా ఆ మూలనే మిరప మొక్కలు పాలిపోయి ఎదగడం మానేశాయి. వేసవిలో ఆ పల్లం పూడ్చింది మా మరిదే. చెరువు మట్టి తోలానన్నాడు. సొంత మనిషి తోలిన మట్టిని ఎవరు పరీక్షిస్తారు! అతని ట్రాక్టర్ ఏడాదంతా తిరిగేది మాత్రం పిడుగురాళ్ల సున్నపు బట్టీలకే.

అత్తయ్య రాయికి దణ్ణం పెట్టుకుని ఇంటికెళ్ళాక, పక్కన మట్టి గీకి చూశాను. లోపల అలాంటి ముక్కలే, గీకినకొద్దీ వస్తున్నాయి. ఒకటి కొంగున కట్టుకొచ్చి బకెట్లో వేశాను. నేను కాళ్ళు రుద్దుకునే రాయికీ ఇలాగే బొక్కలుంటాయి గానీ అది తేలుతుంది. ఇది బుడుంగున మునిగింది. బొక్కల్లో ఇరుక్కున్న తెల్లటి పొడి మీద నిమ్మచెక్క పిండితే బుసబుసా నురగొచ్చింది. సున్నం! బట్టీలో బొగ్గు కాలి, దాని బూడిద కరిగి, గడ్డకట్టిన తుక్కు ఇది.

అప్పటికీ మనసొప్పలేదు. ఎవరో మట్టని చెప్పి అంటగట్టి ఉంటారు, తెలియక తోలి ఉంటాడు అనుకున్నాను. నా చేత్తో అన్నం పెట్టిన మనిషి.

"అత్తయ్యా, ఆ రాయికి మొదట పసుపు రాసిందెవరు?"

"ఇంకెవరమ్మా, మన చిన్నోడే. తెల్లారగట్ట తనే రాసొచ్చి నన్ను లేపి చెప్పాడు. ఎప్పుడూ గుడి గడప తొక్కనోడికి ఎంత భక్తో చూడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మిరప పోతే మళ్ళీ వేసుకుంటాం. అన్నీ తెలిసే చేసి, మేం తవ్వి చూడకుండా దేవుణ్ణి కాపలా పెట్టాడు.

వాకిట్లోకొచ్చి కేకేశాను. "అబ్బాయ్! ట్రాక్టర్ తియ్యి. ఆ దేవుణ్ణి ఎక్కడ ఎక్కించుకొచ్చావో అక్కడే దింపిరా."

ఎక్కడని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. తలొంచుకుని తాళంచెవి కోసం లోపలికెళ్ళాడు.