చప్పుడు చెయ్యని మా తమ్ముడు

బియ్యమూ పెసరపప్పూ దోరగా వేగుతున్న వాసన మా తమ్ముడు రవి ఇంటి గేటు దగ్గరే నన్ను పట్టుకుంది. లోపలికి వెళ్తే మా మరదలు స్వాతి ఉగ్గుపిండి కోసం బాండీలో బియ్యం వేయిస్తోంది, రవి ఆఫీసుకు సెలవు పెట్టి మరీ సోఫాలో కూర్చుని ఫోన్లో ఏదో పట్టిక చదువుతున్నాడు, వాళ్ళ పది నెలల కూతురు చిన్ని మాత్రం చాప మీద కుదురుగా కూర్చుని తన కాలి బొటనవేలిని పరీక్షిస్తోంది. ఈ నెలకు పాకాలని ఫోన్లో ఉందట, పాకలేదు. మెత్తటి అన్నం నమలాలట, పెట్టిన ముద్దను పెట్టినట్టే నాలుకతో బయటికి తోస్తోంది. డాక్టరు బరువు తూచి, చెవులు చూసి, నెల తర్వాత మళ్ళీ తీసుకురమ్మన్నాడు గానీ రవికి ఆ నెల గడిచేలా లేదు. "అక్కా, పక్కింటోళ్ళ పాప తొమ్మిది నెలలకే నిలబడ్డదట. మాది ఇంకా కదుల్తనే లేదు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఇవాళ ఫోనెత్తితే వీధి చివరిదాకా వినిపించే ఈ పెద్దమనిషి, పది నెలల వయసులో గోదావరిఖనిలో మా ఇంటిల్లిపాదినీ ఎంత ఏడిపించాడో వాడికి సగమే తెలుసు. మిగతా సగం ఆ పూట చెప్పక తప్పలేదు.

అప్పుడు మేము బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక చిన్న పెరడు, గోడకు గోడ ఆనుకుని వరసగా ఇళ్ళు. పొద్దునా సాయంత్రమూ ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసి పెడితే వీధంతా తెల్లటి పొగ కమ్ముకుని ఎదురింటి మనిషికి కాళ్ళు తప్ప తల కనిపించేది కాదు. వానాకాలం నల్లటి బురద, ఎండాకాలం నల్లటి దుమ్ము, చలికాలం ఆ పొయ్యిల చుట్టూ చేతులు కాచుకుంటూ పిల్లల గుంపు. దసరా వస్తే గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పూలతో బతుకమ్మ పేర్చి, సద్దుల రోజు నువ్వుల పొడి కలిపిన అన్నం కొంగుల్లో ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. షిఫ్టు సైరను కూసినప్పుడల్లా కొందరు మగవాళ్ళు తెల్లగా వెళ్ళేవాళ్ళు, ఇంకొందరు నల్లగా వచ్చేవాళ్ళు.

మా బాపుకు, అంటే నాన్నకు, వారానికో షిఫ్టు మారేది. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే మా ఇంట్లో పగలంతా ఊపిరి కూడా చూసుకుని పీల్చాలి. పొద్దున వచ్చి స్నానం చేసి, గట్టి అన్నం తిని, లోపలి గదిలో దుప్పటి తలదాకా కప్పుకుని పడుకునేవాడు. అమ్మ అంతకుముందే పచ్చడి నూరేసేది. తలుపు బందుకు కొబ్బరి నూనె పోసేది. గిన్నెలు కడగాల్సి వస్తే పెరట్లో ఒక్కొక్కటీ గోనెసంచి మీద బోర్లించేది. పక్కిళ్ళ పిల్లలూ నేనూ అచ్చనగండ్లు పాత బొంత మీద ఆడేవాళ్ళం, రాళ్ళు రాలినా వినిపించకుండా. గొడవ వస్తే నోరెత్తకుండా గిల్లుకునేవాళ్ళం, గిల్లించుకున్నవాళ్ళు కూడా నోరెత్తకుండానే ఏడ్చేవాళ్ళు. బాపుకు వేరే షిఫ్టు పడిన వారం మా గోడవతల రాజయ్య కాకకు నైట్ షిఫ్టు ఉండేది. మా నిద్రను వాళ్ళు కాపాడితే వాళ్ళ నిద్రను మేము కాపాడాలి కదా. అందుకని మా ఇంట్లో గట్టిగా మాట్లాడే వారమంటూ ఉండేదే కాదు. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, అమ్మ వేలు దానంతటదే పెదవుల మీదికి వెళ్ళేది.

ఇదంతా చాదస్తం అనుకోకండి. నిద్ర చాలని మనిషి బాయిలోకి దిగితే ఏమవుతుందో ఆ వీధిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక్క కునుకు పడితే చెయ్యి పోవచ్చు, మనిషే పోవచ్చు. మా నాయనమ్మ అయితే బాపు పడుకున్న గది గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చునేది.

అలాంటి ఇంట్లో, నా తర్వాత ఇద్దరు దక్కకుండా పోయాక, నాకు తొమ్మిదేళ్ళప్పుడు రవి పుట్టాడు. వాడిని మేము నేల మీద పెట్టింది లేదు. నేల మీద పెడితే ఏడుస్తాడు, ఏడిస్తే బాపు లేస్తాడు. అమ్మ చంక దిగితే నాయనమ్మ ఒళ్ళో, అక్కడ దిగితే నా నడుం మీద, ఎవరికీ తీరకపోతే చీర ఉయ్యాలలో. కాస్త మూతి వంకర పెట్టగానే పాలు, పాలు వద్దంటే చక్కెర అద్దిన వేలు. వాడు ఆరో నెల దాకా ఏడవనే లేదని అమ్మ వీధంతా గొప్పగా చెప్పుకునేది. ఇంత బుద్ధిమంతుణ్ణి చూడలేదని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

ఎనిమిదో నెలలో, దసరాకు ముందు, వాడికి అన్నం ముట్టించారు. పాయసం వండి, నలుగురినీ పిలిచి, చాప మీద వాడిని బోర్లా పడుకోబెట్టి ఎదురుగా పలక, చాకు, వెండి గొలుసు, గుప్పెడు వడ్లు పెట్టారు. ఏది పట్టుకుంటే దాన్నిబట్టి వాడి బతుకు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తుంటే వాడు దేన్నీ పట్టుకోలేదు, ఒక్క జానెడు కదలలేదు, చెంప చాపకు ఆనించి మమ్మల్నే చూస్తూ పడుకున్నాడు. నోట్లో పెట్టిన పాయసం సాయంత్రం దాకా బుగ్గలోనే ఉంది. అప్పుడు మొదలయ్యాయి గుసగుసలు. మా మేనత్త అమ్మను పక్కకు తీసుకెళ్ళి "వదినె, గీడు ఊఁ ఆఁ కూడా అంటలేడు, ఒకపారి దవాఖానల చూపియ్యి" అంది. దవాఖానలో డాక్టరమ్మ చెవి దగ్గర గంట కొడితే తల తిప్పాడు, బరువు కూడా బాగానే ఉంది, రెండు నెలలు చూద్దామంది. నాయనమ్మ ఆ రెండు నెలలూ రోజూ వసకొమ్ము అరగదీసి వాడి నాలుకకు రాసింది. వాడు దానికి మొహం చిట్లించేవాడు, అంతే, చప్పుడు మాత్రం లేదు. బాపు రోజూ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే, గొంతు తగ్గించి అడిగేవాడు: "ఇయ్యాల ఏమన్న అన్నడా?" అమ్మ తల అడ్డంగా ఊపేది. ఆ తల ఊపడం చూడలేక నేను బడి సంచి వెతుక్కునే నెపంతో పక్కకు వెళ్ళిపోయేదాన్ని.

డిసెంబరులో అమ్మకు చలిజ్వరం వచ్చింది. వీధి చివర రూతమ్మ పెద్దమ్మ ఉండేది. ఆమె భర్తకు బాయి మీద ఆఫీసులో పగటి డ్యూటీ, కాబట్టి వాళ్ళింట్లో పగలు నిద్రపోయేవాళ్ళు లేరు. ఆమె వచ్చి, "పిల్లగాన్ని నేను చూసుకుంట, నువ్వు పండుకో చెల్లె" అని వాడిని ఎత్తుకుపోయింది. సాయంత్రం బడి నుంచి వచ్చి, వాడిని తేవడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు నడుస్తోంది. హార్మోనియం, డోలకు, తాళాలు, పదిహేనుమంది గొంతులు, లోపల నూనెలో గరిజెలు వేగుతున్న చప్పుడు, కొబ్బరీ యాలకులూ కలిసిన తియ్యటి వాసన. ఆ మధ్యన, బండల మీద, మా వాడు బోర్లా పడుకుని రెండు చేతులతో నేలను బాదుతున్నాడు. మూతి నిండా పప్పన్నం. పాట ఎత్తుకున్నప్పుడల్లా వాడూ "ఆ..." అని ఎత్తుకుంటున్నాడు, పాట ఆగినా వాడు ఆగడం లేదు. నేను చూస్తుండగానే పొట్ట మీద ఈడ్చుకుంటూ డోలకు వైపు మూరెడు జరిగాడు.

నేను ఇంటికి పరుగెత్తాను. నా జీవితంలో అంతటి వార్త నేనెప్పుడూ మోయలేదు, గుమ్మంలో అడుగుపెడుతూనే లోపల బాపు పడుకున్న సంగతి గుర్తొచ్చింది. అరవడానికి తెరిచిన నోరు మూసుకుని, మునివేళ్ళ మీద నడిచి, అమ్మ చెవిలో గుసగుసగా చెప్పాను: "అమ్మా, తమ్ముడు ఒర్రుతుండు, గట్టిగ అరుస్తుండు." జ్వరంలో నేనే ఏదో పలవరిస్తున్నానని అనుకుని అమ్మ నా నుదురు తాకి చూసింది. మళ్ళీ చెప్తే శాలువా కప్పుకుని నాతో వచ్చింది.

రూతమ్మ పెద్దమ్మ గుమ్మంలోకి మేము రాగానే వాడు తల తిప్పి అమ్మను చూశాడు, నవ్వాడు, ఇంకో అరుపుకు నోరు తెరిచాడు. అమ్మ వేలు అలవాటుగా పెదవుల మీదికి వెళ్ళింది. వాడి నోరు మూతపడింది. బాదుతున్న చేతులు ఆగిపోయాయి. చెంప నేలకు ఆనించి మళ్ళీ మా ఇంటి బుద్ధిమంతుడైపోయాడు. డోలకు కూడా ఆగింది. ఆ గదిలో అందరికీ ఒకేసారి అర్థమైనట్టుంది.

"ఏలు తియ్యి చెల్లె" అంది రూతమ్మ పెద్దమ్మ మెల్లగా. "పిల్లగాడు మంచిగనే ఉన్నడు. మీ ఇల్లే మూగది."

అమ్మ అక్కడే గడపలో కూలబడి ఏడ్చింది. ఎన్ని నెలలుగా దాచుకుందో, అక్కడ ఎవరూ నిద్రపోవడం లేదు కాబట్టి, గట్టిగా, తనివితీరా ఏడ్చింది.

కానీ ఇంటికొచ్చి చెప్తే నాయనమ్మ ఒప్పుకోలేదు. "పోరడు ఇయ్యాల కాకుంటే రేపు మాట్లాడుతడు. నా కొడుకు నిద్ర లేక బాయిలకు దిగితే రేపు ఉంటడా?" అంది. ఆమె అన్నదీ నిజమే. అటు కొడుకు, ఇటు మనవడు. బాపుకు చెప్పకూడదని, చెప్తే నిద్ర మానేస్తాడని, పగలు వాడిని రూతమ్మ పెద్దమ్మ ఇంట్లో ఉంచాలని అనుకున్నారు. క్రిస్మస్ దాకా అలాగే జరిగింది. పండుగ కాగానే ఆమె మందమర్రిలో చెల్లెలి ఇంటికి పోయింది. మా ఇంట్లో మళ్ళీ నైట్ షిఫ్టు వారం.

నాకు బడి సెలవులు. అమ్మ పెరట్లో బట్టలు పిండుతోంది, నాయనమ్మ పీట మీదే కునికిపాట్లు పడుతోంది, నేను ముందు గదిలో వాడికి పప్పన్నం పెడుతున్నాను. పెట్టిన ముద్ద బుగ్గలో దాచుకుని వాడు నా మొహమే చూస్తున్నాడు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. నోరు తెరవనా అని అనుమతి అడుగుతున్నట్టే ఉంది. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి, ఎవరి మీదో మాత్రం తెలియదు. వాడిని చంక దించి బండ మీద పెట్టాను. స్టీలు పళ్ళెం బోర్లించి చేతికి గరిటె ఇచ్చాను. వాడు ఒక్కటి వేసి, ఠంగుమన్న చప్పుడుకు తనే బెదిరి, లోపలి గది వైపు చూశాడు. "కొట్టు" అన్నాను. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో.

కొట్టాడు. వరసగా, ఆపకుండా కొట్టాడు. అమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది, నాయనమ్మ పీట మీంచి దిగ్గున లేచింది, ఇంతలో గది తెర తొలగించుకుని బాపు వచ్చి నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా, జుట్టు చెదిరి. "పెద్దపిల్ల తెల్వక చేసింది" అని అమ్మ మొదలుపెడితే చేత్తో ఆగమన్నాడు. వాడు బాపును చూశాడు. బుగ్గలోని ముద్ద మింగాడు. "బా" అని ఒక్క కేక పెట్టి, గరిటె పట్టుకునే, ముందు ఒక మోకాలు, తర్వాత ఇంకో మోకాలు వేసి, ఆ గదంతా పాకి బాపు కాళ్ళ దగ్గరికి చేరి ఆయన పాదం మీద ఠపీమని కొట్టాడు. అది బాపు అనడమో, ఉత్త అరుపో మేమెవరం విచారించలేదు. బాపు అక్కడే కింద కూర్చుండిపోయాడు. "మల్ల కొట్టు బిడ్డా" అన్నాడు. నా చేతిలోని గిన్నె తీసుకుని ముద్ద ముద్దా ఆయనే పెట్టాడు. వాడు ఒక ముద్దకూ ఒక కేకకూ వంతున గిన్నె ఊడ్చేశాడు.

అంతటితో ఆగలేదు మా బాపు. వాడిని భుజాల మీద ఎక్కించుకుని, పళ్ళెం తన నెత్తిన పెట్టుకుని, గరిటె వాడి చేతికిచ్చి, పట్టపగలు వీధిలోకి నడిచాడు. వాడు బాదుతుంటే నైట్ షిఫ్టు మగవాళ్ళంతా లుంగీలు సర్దుకుంటూ, కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చారు. రాజయ్య కాక తిట్టడానికే వచ్చాడు, వాడిని చూసి నిలబడిపోయాడు. "గీడేనారా మనోడు? ఇంకో రెండు కొట్టనియ్యి" అన్నాడు. ఒక్కరంటే ఒక్కరు విసుక్కోలేదు. నేను వెనకాలే గంతులేస్తూ, ఆ వీధిలో పుట్టిన నాటి నుంచి అరవని అరుపులన్నీ అరిచాను. మర్నాటి నుంచి బాపు చెవుల్లో దూది పెట్టుకుని, వెనక కొట్టంలో మంచం వేసుకుని నిద్రపోవడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. బొగ్గంతా నేల మీద నుంచే తవ్వుతున్నారు, పేల్చినప్పుడు కిటికీ అద్దాలు కదులుతాయి, ఏ చప్పుడుకూ ఎవరూ తిరిగి చూడరు. బొగ్గుల పొయ్యిలు పోయాయి, మా వీధిలో సగం క్వార్టర్లకు తాళాలు. నాయనమ్మ లేదు, బాపు పోయి నాలుగేళ్ళయింది. ఒకరి నిద్ర కోసం వీధి వీధంతా మునివేళ్ళ మీద నడిచిన రోజులుండేవని చెప్తే స్వాతి ఆశ్చర్యపోయింది.

రవి ఎప్పుడో ఫోను పక్కన పడేసి, సోఫా దిగి కూతురి పక్కన కింద కూర్చున్నాడు. పాప బొటనవేలు పట్టుకుని అడిగాడు: "అక్కా, మరి ఆ దినం బాపు పండుకోలేదా?"

"లేదు. అట్లనే డ్యూటీకి పోయిండు."

వాడు తల వంచుకున్నాడు. నాయనమ్మ ఆ రాత్రంతా గుమ్మంలోనే కూర్చుందని, పొద్దున బాపు క్షేమంగా వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదని చెప్పాను. ఆయనకు కునుకెక్కడ పట్టిందని రాజయ్య కాక తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. బాయిలోకి దిగేటప్పుడూ, దిగాకా, పైకొచ్చేటప్పుడూ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ బాపుది ఒకటే మాటట: "మావోడు ఇయ్యాల నన్ను నిద్ర లేపిండు."