దడ మేస్త్రీ

మెకానిక్ మేస్త్రీకి స్క్రూలంటే భయం. లారీ ఇంజనైనా ఈల వేసుకుంటూ విప్పేస్తాడు గానీ, పాత జపాన్ బండి మీద ప్లస్ స్క్రూ కనిపిస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంటాడు. అందుకే వీధంతా ఆయన్ని దడ మేస్త్రీ అంటుంది.

"ఒక్క తిప్పు తిప్పవయ్యా, పోయేదేముంది?" అని ఒకాయన కసిరితే, "స్క్రూ తల పోతుంది బాబూ! అది నలిగితే ఇంక పట్టెక్కడ దొరుకుతుంది?" అని వెళ్లి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగొచ్చాడు.

ఆవేళ ఎదురింటి కోడలు బండి తోసుకొచ్చేసరికి ఆవిడకి ఆయన్ని మించిన దడగా ఉంది. బండి మామగారిది. ముప్పై ఏళ్లుగా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు పెట్రోలు కారుతోందని, తనే బాగుచేద్దామని, వంటింట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె విప్పబోయింది. మూడు స్క్రూలు వచ్చాయి. నాలుగోది కదల్లేదు సరికదా, తల నలిగింది. మామగారు నాలుగింటికి దిగుతారు.

"దీని మీద ముందు ఎవరైనా చెయ్యి పెట్టారా?" అన్నాడు మేస్త్రీ.

"లే... లేదండీ."

మేస్త్రీ స్క్రూ వంక చూసి, ఆవిడ వంక చూసి, డ్రైవర్ల పెట్టె తెరిచాడు.

"తల మీద చిన్న చుక్క చూశావా తల్లీ? ఇది జపాన్ కొలత. మామూలు ప్లస్ డ్రైవర్ ఇందులో కూర్చున్నట్టే ఉంటుంది, గట్టిగా తిప్పితే పైకి లేచి తలని నమిలేస్తుంది. చూపుకి రెండూ ఒకటే. అదే నా భయం."

ఒక డ్రైవర్ పెట్టి చూశాడు. ఊగింది. "అమ్మో!" ఇంకోటి పెట్టాడు. "బాబోయ్!" మూడోది బిగుతుగా కూర్చుంది, చెయ్యి వదిలినా పడలేదు.

"ఇంక తిప్పండి!"

"ఆగమ్మా, ధైర్యం రానీ."

నూనె చుక్క వేశాడు. డ్రైవర్ వెనక సుత్తితో మెల్లగా తట్టాడు. మళ్లీ ఆగాడు. గడియారం మూడూ ముప్పావు చూపిస్తోంది. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. ఆఖరికి కళ్లు మూసుకుని, ఒంటి బరువంతా మోపి తిప్పాడు. టక్కున కదిలింది. గిన్నె శుభ్రం చేసి, కొత్త స్క్రూ రేపొస్తుందని పాతదే బిగించాడు. పెట్రోలు కారడం ఆగింది.

అంతలో సంచీతో మామగారు నేరుగా అక్కడికే వచ్చారు. వంగి చూశారు.

"ఈ తల ఎవరు నలిపారు?"

ఆవిడ మేస్త్రీ వెనక్కి జరిగింది.

"నేనే సార్," అన్నాడు మేస్త్రీ. "తొందరపడ్డాను."

ఈ మాట వీధిలో పాకితే ఆయన చేతికి బండి ఇచ్చేదెవరు? ఆవిడ మనసు ఒప్పుకోలేదు. "కాదు మామయ్యగారూ, నేనే."

"భయపడి ఏదో అంటోంది సార్. నేనే."

"నేనే మామయ్యగారూ!"

మామగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "నువ్వు తొందరపడ్డావా? నువ్వు?" అని మేస్త్రీని అడిగి, ఆపుకోలేక నవ్వేశారు. "రేపు కొత్త స్క్రూ మా కోడలి చేతే బిగించు. నువ్వు పక్కన నిలబడు చాలు."

"అమ్మో!" అని మేస్త్రీ మంచినీళ్ల కోసం లోపలికి పరిగెత్తాడు.