కప్పుతో కొలిచిన వెన్న

అబిడ్స్‌లో నేను నడిపే బేకింగ్ క్లాసులో ఎవరైనా వెన్న, చక్కెర కలిపి గిలకొడుతుంటే, ఆ వాసనకి నాకు ప్రమీలక్క గుర్తొస్తుంది. నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో ఆమెకు చిన్న బేకరీ ఉండేది. ఆమె వాళ్ళు తరాలుగా ఈ ఊరివాళ్ళే. మేమేమో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళం. డిగ్రీ చదివాను, మూడు బేకింగ్ పుస్తకాలు కంఠతా పట్టాను, ఇంకేం, అన్నీ తెలుసనుకుంటూ ఆమె దగ్గర పనిలో చేరాను.

రెండో ఏడు ఆమె మోకాలికి ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. నెలన్నర షాపుకి రాకూడదు. "షాపు బంద్ పెట్టాల్నా, నీకు అప్పజెప్పి పోవాల్నా?" అని నన్నే అడిగింది. "నాకప్పజెప్పండక్కా, నేను చూసుకుంటాను" అన్నాను. "ఔ మల్ల, రేపటి ఆర్డర్ నువ్వొక్కదానివే చెయ్యి. జర చూస్త" అంది. ఒక టీచరమ్మ రిటైర్మెంటు, సాయంత్రానికి నాలుగు వందల బిస్కెట్లు. అక్క ఏదైనా తూకం వేసే చేసేది. అదంతా పాతకాలపు చాదస్తమని నా అభిప్రాయం. పుస్తకంలో ఎనిమిది కప్పుల వెన్న అని ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి వెన్నను ముక్కలు కోసి, కప్పు నిండగానే గిన్నెలో వేసేశాను. పిండి ముద్ద కట్టనని మొరాయిస్తే పాలు చిలకరించి లొంగదీశాను.

పది గంటలకు ట్రేలు బయటికొచ్చాయి. అక్క ఒకటి కొరికి నా వంక చూసింది. "ఏంది పిల్లా గిది? పాపం, పంతులమ్మ పండ్లు ఊడగొడ్తవా?" నా మూలంగానే షాపు మూతపడుతుందని ఏడుపొచ్చింది. ఆమె మాత్రం అరవలేదు. నేను వేసినట్టే ముక్కలతో కప్పు నింపి తూచింది. నూట యాభై గ్రాములు. తర్వాత మెత్తబడిన వెన్నను అదే కప్పులో అదిమి నింపి, పైన చదును చేసి తూచింది. రెండు వందల ఇరవై ఏడు!

"ముక్కల నడుమ ఏమున్నది? గాలి. కప్పు నిండింది గాని వెన్న నిండలే."

"పుస్తకంలో కప్పులనే రాశారక్కా."

"రాస్తరు. గాళ్ళు నొక్కి నింపిన్రు, నువ్వు ముక్కలేసినవ్. తూకమైతే ఎవరేసినా ఒక్కటే. ఏడ్సుడు అయిపోతే మల్ల మొదలుపెట్టు, ఇంకా టైమున్నది."

లెక్కేస్తే ఆరు వందల గ్రాములకు పైనే తగ్గింది. ఈసారి ప్రతిదీ తూచాను. అక్క స్టూలు మీద కూర్చుని చూసిందే తప్ప చెయ్యి పెట్టలేదు. మూడింటికి కొరికి, "ఔ, గిది బిస్కెట్" అంది. పాడైనవి చెత్తబుట్టలో వెయ్యబోతే గుంజుకుని డబ్బాలో పోసుకుంది. ఆ వారమే షాపు తాళాలు నా చేతిలో పెట్టి ఆపరేషన్‌కి వెళ్ళింది.

షాపు ఎలా నడుస్తోందో చెబుదామని దవాఖానకు వెళ్ళాను. మంచం పక్కన ఆ డబ్బా! నేను వచ్చింది చూడకుండా నర్సుకి ఒక బిస్కెట్ ఇస్తోంది. "గట్టిగుంటదమ్మా, చాయ్‌ల ముంచి తిను. మా పిల్ల చేసింది. షాపంతా గామెనే నడుపుతున్నది." ఆమె గొంతులో గర్వం విని, తలుపు దగ్గరే నిలబడి ఏడ్చేశాను.

ఇప్పుడు నా క్లాసులో ఎవరి మొదటి ట్రే చెడిపోయినా ఆ బిస్కెట్లు నేనే ఇంటికి తెచ్చుకుంటాను. ఇంట్లోవాళ్ళు మొహం చిట్లిస్తే, "మా పిల్ల చేసింది, తినండి" అంటాను.